అరుదైన పక్షి, చవుకైన బురద

అరుదైనదానికి వెల ఎక్కువ అనే సూత్రాన్ని సూరతు నగరానికి ఎవరూ నేర్పనక్కరలేదు. మొగలాయీల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు ఈ తాపీ నది రేవు నుండే బయలుదేరేవి. ఆంగ్లేయుల వర్తక సంఘం పదిహేడవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో తన గిడ్డంగిని ఇక్కడనే తెరిచింది. నేడు ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది పాళ్ళు ఈ ఊరి వీధులలోనే సానబడతాయని వర్తకులు లెక్క చెబుతారు. భూతద్దం కంటికి ఆనించి రాతిలోని లోపాన్నీ కాంతినీ క్షణంలో పసికట్టగల చూపు ఇక్కడివారిది. అట్టి ఊరిలో ఇటీవల మరొక అద్దం వాడుకకు వచ్చింది. అది మోచేయి పొడవున ఉండే కెమెరా అద్దం. చలికాలపు ఆదివారాలలో తెల్లవారకముందే అది మోటారుబండ్లలో డూమస్ దారి పట్టి గవియర్ సరస్సు వైపు, రొయ్యల చెరువుల వైపు, ఉప్పుటేళ్ళ వైపు సాగిపోతుంది. వజ్రానికి కట్టినట్లే పక్షికి కూడ అరుదుదనాన్ని బట్టి వెల కట్టటం దాని పని.

వజ్రానికీ పక్షికీ ఒక భేదమున్నది. వజ్రాన్ని వేయిమంది చూచినా దాని బరువు తరగదు. పక్షి బరువు తరుగుతుంది.

ఇది అలంకారానికి అన్న మాట కాదు, తూచి చూపగల విషయం. బురద మేటల మీద, లోతులేని నీళ్ళలో నడుస్తూ ముక్కుతో మేత వెదుక్కొనే పక్షులు చాలా జాతులు ఉన్నాయి: ఉల్లంకులు, తీతువులు, గాడ్విట్లు, నాట్లు మొదలైనవి. వీనిలో అత్యధిక భాగం చలికాలానికి ఉత్తర దేశాల నుండి వచ్చి, ఎండలు ముదరకముందే తిరిగిపోయే అతిథులు. తిరుగు ప్రయాణానికి ముందు కొద్ది వారాలలో ఇవి తమ బరువును ఎంతగానో పెంచుకొంటాయి. అట్లా పెరిగినదంతా కొవ్వు, అదే వానికి దారిబత్తెం. ఆ బత్తెంతో ఎంత దూరం పోవచ్చునో 2022 అక్టోబరులో లోకానికి తెలిసింది. అలాస్కాలో పుట్టి అప్పటికి అయిదు నెలలైనా నిండీ నిండని ఒక బార్‌టెయిల్డ్ గాడ్విట్ పక్షి, వీపున చిన్న యంత్రాన్ని మోస్తూ, పసిఫిక్ సముద్రం మీదుగా ఎక్కడా వాలక 11 రోజులలో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియా ఒడ్డున దిగింది. దారిలో తిండి లేదు, నీరు లేదు. అట్టి ప్రయాణాలకు ముందు ఈ పక్షులు తమ జీర్ణాంగాలను సైతం కుదించుకొంటాయని పరిశోధకులు కనుగొన్నారు. మోయవలసిన బరువులో ఒక్క గ్రాము వృథా కాకుండా లెక్క చూచుకొనే ప్రాణి అది.

ఇట్టి ప్రాణికి దినమంతా తినే వీలుండదు. సూరతు తీరం ఖంభాత్ సింధుశాఖను ఆనుకొని ఉన్నది. భారత తీరంలో మరెక్కడా లేనంత ఎత్తున పోటు లేచే సముద్రం అది. ఆటు వేళ నీరు వెనుకకు తీసినప్పుడు బయటపడిన బురదలోనే పురుగులు, నత్తలు, చిన్న పీతలు దొరుకుతాయి. పోటు రాగానే పక్షులన్నీ ఒడ్డుకు చేరి, ఒంటికాలి మీద నిలిచి, తిన్నదానిని అరిగించుకొంటూ తరువాతి ఆటు కొరకు కాచుకొని ఉంటాయి. చూచేవానికి అవి ఊరకే ఉన్నట్లు కనిపిస్తాయి. నిజానికి అప్పుడవి కూడబెట్టినదానిని కాపాడుకొంటున్నాయి. కెమెరా మనిషికి మాత్రం ఇదే మంచి సమయం. ఆటు వేళ మైలు దూరాన చుక్కల వలె ఉన్న పక్షులు పోటు వేళ గుంపుగా, దగ్గరగా, ఒడ్డున దొరుకుతాయి.

తరువాత జరిగేది ఏ ఒక్క సరస్సుకో ఏ ఒక్క ఊరికో చెందిన కథ కాదు. ఒక అరుదైన పక్షి ఎక్కడో దిగినదన్న వార్త పుడుతుంది. పూర్వం ఇట్టి వార్త ఉత్తరంలో ప్రయాణించేది, అది అందేలోగా పక్షి తన దారిన పోయేది. ఇప్పుడు అది పటంతో సహా చేతి ఫోనులోకెక్కి ఆ పూటనే నగరమంతా పాకుతుంది. మరునాటి ఉదయానికి గట్టు మీద బండ్లు బారులు తీరుతాయి. మొదట వచ్చినవాడు సాధారణంగా మర్యాదస్థుడు. బురదలో బోర్ల పడుకొని, గంటసేపు కదలక, పక్షి తనంత తాను దగ్గరకు వచ్చేవరకు ఓపిక పడతాడు. రెండవవాడు అతని పక్కన కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చిన మూడవవానికి వెలుగు పోతున్నదన్న తొందర, కాబట్టి లేచి నడుస్తాడు. పక్షి పది అడుగులు జరుగుతుంది, అతడూ పది అడుగులు జరుగుతాడు. నిలిచిన బొమ్మ అందరికీ దొరికిన తరువాత ఎగిరే బొమ్మ లేని కొరత ఒకటి మిగులుతుంది. అప్పుడెవరో చప్పట్లు కొడతారు.

ఇంకొకడు మరింత నేర్పరి. పక్షి గొంతును యంత్రంలో నింపి తెచ్చి వినిపిస్తాడు. తన చోటుకు పోటీదారు వచ్చెనేమో అని పక్షి బెదిరి బయటకు వస్తుంది. తెలుగు పల్లెలలో రాత్రివేళ తీతువు కూసినదంటే అశుభమని ఇల్లాండ్రు నోరు నొక్కుకొనేవారు. ఆ మూఢనమ్మకం పోవలసినదే. కాని ఆ పక్షిని నిర్బంధించి కూయించే తెలివికంటె దాని కూతకు జడిసి తలుపు మూసుకొన్న అజ్ఞానమే ఆ పక్షికి క్షేమంగా ఉండేది.

ఇంతవరకు చెప్పినది మర్యాదకు సంబంధించిన తప్పు. నియమాలు వ్రాసి, కాపలా పెట్టి, దీనిని దిద్దవచ్చు. దిద్దటం ఇంతకంటె కష్టమైన తప్పు ఒకటి ఆ బొమ్మలోనే ఉన్నది. మంచి బొమ్మ అని ఈనాడు దేనిని మెచ్చుకొంటున్నారో గమనించాలి. పక్షి కంటిలోని మెరుపు, ఈకల అంచులు సూదిమొనవలె స్పష్టంగా ఉండాలి, దాని వెనుక ఉన్నదంతా పట్టువస్త్రం వలె మెత్తగా, రంగులన్నీ కలిసిపోయి, మసకబారాలి. ఆ మసకను సాధించటానికే లక్షలు పోసి పెద్ద అద్దం కొంటారు. ఏది మసకబారుతున్నది? బురద, దానిలో మొలిచిన ఉప్పుగడ్డి, గట్టు, గట్టు వెనుక మడచెట్లు, వాని వెనుక హజీరా పొగగొట్టాలు. అంటే ఆ పక్షి బ్రతుకూ, ఆ బ్రతుకుకు వచ్చిన ఆపదా రెండూ ఒక్క పూతలో కరిగిపోతాయి. ఇంకేదైనా మిగిలితే ఇంటికి వెళ్ళి అంచులు కత్తిరిస్తారు. 1864లో ‘దాండియో’ పత్రికను పెట్టి సమాజం కప్పిపుచ్చుకొన్నవానిని వీధిలోకి లాగిన కవి నర్మద్ పుట్టిన ఊరిలో కప్పిపుచ్చటం ఇంత అందమైన కళ కావటం వింతయే.

అరుదుదనమంటే ఏమిటో ఆ బొమ్మ చెప్పదు. గుజరాతు తీరంలో, ముఖ్యంగా కచ్ సింధుశాఖలో జామ్‌నగర్ ప్రాంతాన, చలికాలం గడిపే గ్రేట్ నాట్ అనే పక్షి ఉన్నది. చలికాలపు ఈకలలో అది బూడిదరంగు పిట్ట. పక్కనున్న పది రకాల బూడిదరంగు పిట్టల నుండి దానిని వేరుపరచటానికి తలపండిన పరిశీలకులు కూడ తడబడతారు. ఇది అరుదైనదని ఎవరూ చెప్పనిచో ఒక్క కెమెరా కూడ దాని వైపు తిరగదు. అది పుట్టే చోటు సైబీరియా ఈశాన్యాన ఉన్న కొండనేలలు. అక్కడి నుండి దక్షిణాదికి దిగే గుంపులకు దారిలో పెద్ద మజిలీ పసుపు సముద్రపు బురద మేటలు. దక్షిణ కొరియా ప్రభుత్వం సేమాన్‌గుమ్ అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రాన్ని బయట నిలిపివేసింది. లోపల చిక్కిన బురద ఎండిపోయింది. అక్కడ విడిది చేసే గ్రేట్ నాట్‌లు వేలకు వేలుగా కనబడకుండా పోయాయి. అవి పక్క తీరాలకు మరలి ఉంటాయని ఆశించి వెదకినవారికి అవి దొరకలేదు. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని ఆపన్న వర్గంలోకి మార్చింది. ఆ పిట్ట అట్లా అరుదైనది. ఒక గోడ దానిని అరుదుగా చేసింది. ఆ అరుదుదనాన్ని పతకం వలె మెడలో వేసుకొని తిరిగేవాడు దానిని ఎవరు తయారుచేశారని ఒక్కసారైనా అడగడు.

ఆ ప్రశ్న సూరతులో అడగటానికి కొరియా వరకు పోనక్కరలేదు. తాపీ ముఖద్వారంలో ఒక ఒడ్డున డూమస్ నల్ల ఇసుక, ఎదుటి ఒడ్డున హజీరా. ఉక్కు, ఎరువులు, సహజవాయువు, ఓడరేవు అన్నీ ఆ హజీరాలో కొలువు తీరాయి. వానికి నేల కావలసి వచ్చింది, చవుకగా దొరికిన నేల బురదయే. నదిలో పైన ఉకాయి జలాశయం 1972లో వచ్చింది. నగరం అంచున సింగణపూర్ దగ్గర అడ్డుకట్ట 1995లో వచ్చింది. ఊరికి మంచినీరు దొరికింది, కాని కట్టకు దిగువన నది ఆటుపోట్లకు చిక్కిన ఉప్పుకాలువ అయింది. ఇవేవీ దురుద్దేశంతో జరిగినవి కావు. ప్రతి పనికీ ఒక న్యాయమైన కారణముండినది. అయితే కారణాలన్నీ కలిసి నది నోటిని ఎంత మార్చాయో, అక్కడ వాలే పక్షులు ఎన్ని తగ్గాయో, ఎన్ని పెరిగాయో చెప్పటానికి ఏటేటా వ్రాసిన లెక్క కావాలి. బొమ్మలు వేలకు వేలు ఉంటే ఆ లెక్క తయారవుతుందా?

చట్టాన్ని చూచినా ఇదే చిక్కు కనబడుతుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం చిత్తడి నేలల పరిరక్షణకు కొత్త నియమాలను ప్రకటించింది. చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పే చోట నదీగర్భాలను, వరిపొలాలను, తాగునీటికై త్రవ్విన చెరువులను, చేపల రొయ్యల మడుగులను, ఉప్పు మడులను, సేద్యానికై కట్టిన జలాశయాలను ఆ నియమాలు మినహాయించాయి. గుజరాతులో నీటిపక్షులు దిగే చోట్లను ఎరిగినవారెవరైనా ఈ మినహాయింపుల పట్టికను చదివితే, మిగిలినది ఏమిటని అడుగుతారు. ఉప్పు మడులలో రాజహంసలు, రొయ్యల మడుగులలో ఉల్లంకులు, సేద్యపు జలాశయాలలో బాతులు! పక్షి తన చెరువును ఎవరు ఏ పనికి త్రవ్వారో విచారించి దిగదు. ఇక సముద్రతీరపు బురద మేటలను తీర క్రమబద్ధీకరణ ప్రకటన అత్యున్నత రక్షణ గల తరగతిలో చేర్చింది. అయితే జీవక్రియ గల బురదకే ఆ రక్షణ. ఇది జీవమున్న బురద, అది వట్టి బురద అని ఎవరు సాక్ష్యం చెప్పాలి? కట్టడం తలపెట్టినవాడు తన నివేదికలో వట్టి బురద అని వ్రాయించుకొంటాడు. కాదనటానికి ఫలానా జనవరిలో, ఫలానా ఆటు వేళ, ఈ మేట మీద ఇన్ని వేల చిన్న ఉల్లంకులు మేస్తున్నవని ఒక కాగితం ఉండాలి. మసకబారిన నేపథ్యం గల బొమ్మ ఆ విచారణలో నోరు విప్పలేదు, ఎందుకంటే అది ఆ బురదను చూడనే లేదు.

చిత్తడి నేలలు పోయినందువలన కలిగే నష్టం పక్షులదే అనుకోవటం కూడ పొరపాటు. 2006 ఆగస్టులో ఉకాయి నుండి వదలిన నీరు సూరతు నగరంలో అత్యధిక భాగాన్ని ముంచివేసింది. అంత పెద్ద వరద ఎప్పుడో గాని రాదు. కాని నగరం గుండా ప్రవహించి ఖాడీలని పేరుపడిన వాగులు పొంగి పల్లపు వాడలను ముంచటం అనేక వర్షాకాలాలలో జరుగుతూనే ఉన్నది. మీఠీ ఖాడీ పొంగినప్పుడు మునిగే వాడలలో లింబాయత్ ఒకటి. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేతపనివారి కుటుంబాలు అక్కడ తరతరాలుగా కాపురముంటున్నాయి. వరంగల్లు, నల్లగొండ జిల్లాలలో చెరువు అలుగు ఎందుకు వదలాలో, చెరువు శిఖంలో ఇల్లు ఎందుకు కట్టరాదో వారి తాతలకు తెలుసు. మనుమలు మాత్రం చెరువులు పూడ్చిన ఊరిలో మోకాటిలోతు నీటిలో బియ్యపు డబ్బాను అటక మీదికి ఎక్కించుకొంటున్నారు. అరుదైన పక్షి బొమ్మ క్రింద ‘ప్రకృతి ప్రేమ’ అని వ్రాసుకొనేవానికి ఈ వాడ నేపథ్యంలో కూడ కనిపించదు.

కెమెరా పక్షం వారికి చెప్పుకోదగిన వాదాలు లేకపోలేదు. వానిలో మొదటిది, తుపాకీ స్థానాన్ని కెమెరా ఆక్రమించింది గదా, అది గొప్ప మార్పు గదా అన్నది. గొప్ప మార్పే. 1938 నవంబరు 12న భరత్‌పూర్ మడుగులలో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్క దినంలో 4,273 పక్షులను కాల్చి పడవేసింది. ఆ సంఖ్యను రాతి మీద చెక్కించి నిలిపారు కూడ. ఆ రాయి ముందు నిలిచి కెమెరాను నిందించటం న్యాయం కాదు. అయితే సంఖ్యను చెక్కించుకొనే ఆ బుద్ధి తుపాకీతోపాటు పోయిందా అన్నది వేరే ప్రశ్న. ఈ సంవత్సరం ఇన్ని జాతులు, గుజరాతులో ఇన్ని, జీవితంలో ఇన్ని అని పట్టికలు కట్టుకొనేవారు ఆ రాతిని అచ్చులోకి మార్చారు, అంతే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో చాలామంది ఎరగని ఒక మాట అంటుంది. వేట అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో చంపటం, పట్టటంతోపాటు తరమటం, ఎర వేయటం కూడ చేరి ఉన్నాయి. గట్టు మీద చప్పట్లు కొట్టినవాడిని న్యాయస్థానం ఏమంటుందో అటుంచి, చట్టం వ్రాసినవారు మాత్రం వేట తుపాకీతోనే మొదలు కాదని గ్రహించారు.

రెండవ వాదం మరింత గట్టిది: బొమ్మ లేకుంటే ఎవరు నమ్ముతారు, సాక్ష్యమెక్కడ? దీనికి జవాబు సూరతులో కాక తెలుగునేల మీద, కడప జిల్లా పొదలలో దొరుకుతుంది. కలివికోడి నీటి ఒడ్డున నడిచేది కాదు, ముళ్ళపొదల నడుమ రాత్రివేళ తిరిగే పక్షి. అయినా వంశంలో ఉల్లంకులకూ తీతువులకూ దాయాదియే. 1848లో శాస్త్రజ్ఞులకు తెలిసి, 1900 తరువాత జాడలేకపోయి, అంతరించినదనుకొన్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. ఆ తరువాత దానిని వెదకిన పరిశోధకులు ఏమి చేశారు? పొదల మధ్య మెత్తని మట్టిని సన్నని బాటలుగా పరచి, తెల్లవారిన తరువాత వచ్చి అడుగుజాడలు చూచుకొన్నారు. పక్షి తన దారిన పోయింది, దాని మూడువేళ్ళ ముద్ర మట్టిలో నిలిచింది. దాని ఉనికి తెలిసిన నేల గుండా తెలుగు గంగ కాలువ త్రవ్వకం సాగినప్పుడు ఇట్టి ఓపికతో కూడబెట్టిన సమాచారమే కాలువను ప్రక్కకు మళ్ళించటానికి అక్కరకు వచ్చింది. 2025 ఆగస్టులో, ఎన్నో ఏళ్ళ మౌనం తరువాత, కొందరు పరిశీలకులు దాని గొంతును మళ్ళీ శబ్దయంత్రంలో గ్రహించారు. పక్షిలోకమంతా ఆ కూతను విని నమ్మింది.

మట్టి మీద ముద్ర చాలునా, గొంతు చాలునా, బొమ్మ కావాలా అన్నది ప్రతి పక్షి విషయంలోను ఒకే విధంగా తేలదు. గ్రేట్ నాట్ వంటి పక్షి విషయంలో ఒక బొమ్మ నిజంగా అవసరం. కాలికి తొడిగిన రంగు బిళ్ళ మీది అక్షరాలను దూరాన నుండి తీసిన బొమ్మ చదివిపెడితే ఆ పక్షి ఏ దేశంలో ఉంగరం తొడిగించుకొన్నదో తెలుస్తుంది. ఆ బొమ్మ అందంగా ఉండనక్కరలేదు, మసకగా ఉన్నా, కోణం బాగులేకపోయినా పని జరుగుతుంది. పైగా అట్టి బొమ్మ ఒకటి చాలు. నలభయ్యవ కెమెరా తెచ్చే నలభయ్యవ బొమ్మ శాస్త్రానికి ఏమి చేరుస్తున్నదో దాని యజమానే చెప్పాలి.

మూడవది, బొమ్మలు చూచి జనానికి ప్రేమ పుడుతుందన్న వాదం. ప్రేమ పుట్టటం నిజమే. ఎట్టి ప్రేమ పుడుతున్నదో చూడాలంటే చలికాలపు ఉదయాన తాపీ ఒడ్డుకు పోవాలి. దూరదేశాల నుండి వచ్చిన గల్ పక్షులకు సూరతు ప్రజలు నూనెలో వేచిన గాంఠియాలను గుప్పిళ్ళతో విసురుతారు. తెల్లని రెక్కలు ముఖాల చుట్టూ మూగుతాయి, ఆ క్షణంలో కెమెరాలు చిటచిటలాడతాయి. విసిరేవారిది నిష్కల్మషమైన ఆనందం, దానిని ఎగతాళి చేయటం సులభం, తప్పు కూడ. తమ బిడ్డకు పెట్టే తినుబండారాన్నే పక్షికి పెడుతున్నారు. ఐనా చేపలు పట్టి బ్రతికే పక్షిని శనగపిండికి మరిపించే ప్రేమ నదిలో చేపలున్నాయా అని అడగదు. బొమ్మ పుట్టించే ప్రేమ తరచు ఇంతవరకు వచ్చి ఆగుతుంది.

దీనికి మారుగా ఏమి చేయాలో కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. గవియర్ సరస్సును ఈనాడు పక్షులున్న చోటుగా నిలిపినది 1984లో స్థాపించబడిన సూరతు నేచర్ క్లబ్బు సభ్యుల చెట్లూ కాపలాయూ గాని అక్కడికి వచ్చిన అద్దాలు కావు. నీటిపక్షుల గణన 1987 నుండి ప్రతి జనవరిలోను ఈ దేశంలో జరుగుతున్నది. దానిలో పాల్గొనటానికి లక్షల విలువైన అద్దం అక్కరలేదు, దుర్భిణి, పెన్సిలు, ఓపిక చాలును. ఒక సరస్సు ప్రపంచ ప్రాముఖ్యం గలదని రాంసార్ ఒప్పందం గుర్తించటానికి పెట్టుకొన్న కొలతలలో అరుదైన జాతులకు చోటున్నది, నిజమే. కాని 20,000 నీటిపక్షులు క్రమంగా దిగుతున్నాయా, ఒక జాతి మొత్తంలో నూటికి ఒకటి అయినా అక్కడ ఉన్నవా అనేవి కూడ ఆ కొలతలలో ఉన్నాయి. ఈ రెండూ ఎవరూ కెమెరా ఎత్తని మామూలు పిట్టలను లెక్కించి తేల్చవలసినవి.

పంచతంత్రంలోని టిట్టిభాన్ని తెలుగు పాఠకులు చిన్నయసూరి నాటి నుండి ఎరుగుదురు. సముద్రం గ్రుడ్లను ఎత్తుకొనిపోతే ఆ చిన్న పక్షి ఒంటరిగా అలలతో పోరాడి ఊరకుండలేదు. పోయి పక్షులన్నిటినీ కూడగట్టింది, గుంపు గరుడుని దగ్గరకు పోయింది, సముద్రం గ్రుడ్లు తిరిగి ఇచ్చింది. ఆ గుంపులో ఏ ఏ పక్షులున్నవో, వానిలో అరుదైనవి ఎన్నో కథకుడు చెప్పలేదు. ఎన్ని ఉన్నవన్నదే సముద్రానికి పట్టింది.

జనవరి మాసంలో ఆటు వేళ చూచుకొని డూమస్ ఒడ్డున బురద అంచుకు చేరిన లెక్కరి పక్షులకు మూడు నాలుగు వందల గజాల ఈవల ఆగిపోతాడు. అంత దూరం నుండి బొమ్మ రాదు. దుర్భిణిలో చిన్న ఉల్లంకుల గుంపు నేల మీద మిరియాలు చల్లినట్లు కనిపిస్తుంది. పదేసి చొప్పున, తరువాత వందేసి చొప్పున లెక్కిస్తూ పుస్తకంలో గీతలు గీస్తాడు. నడుమ ఒక గద్ద వచ్చి గుంపును లేపితే లెక్క చెడిపోతుంది, అవి మళ్ళీ వాలేదాకా కాచుకొని మొదటినుండి మొదలుపెడతాడు. ఆ గుంపులో ఎక్కడో ఒక గ్రేట్ నాట్ ఉండవచ్చును, ఉంటే వ్రాసుకొంటాడు, లేకపోతే లేదు. నీరు తిరిగి రావటం మొదలైనప్పుడు పుస్తకం మూసి, పక్షులు ఒడ్డుకు చేరకముందే అక్కడినుండి లేచిపోతాడు.